సీలింగుకు గోడ రేటా?

సంపాదకులకు,

సీలింగు ప్లాస్టరింగుకు గోడ రేటు కంటే ఎక్కువ అడిగే మేస్త్రీ మోసగాడేనని గత ఆదివారం మీ వ్యాసకర్త తేల్చేశారు. ఒప్పుకోను. సీలింగు పూత మామూలుగా 6 మిల్లీమీటర్లే, గోడకు 12 పైనే. అంటే మాలు తక్కువే, ఖర్చంతా చాకిరీలో ఉంది. పరంజా కట్టాలి. స్లాబు అడుగు నున్నగా ఉంటే పూత పట్టదు కాబట్టి దాన్నంతా గాట్లు కొట్టాలి. తల వెనక్కి వాల్చి కొట్టిన మాలులో కొంత మొహం మీదే రాలుతుంది. గాట్లు ఎగ్గొట్టి చౌకగా చేసిన పని ఏమవుతుందో పెచ్చులూడిన ఇళ్లవాళ్లను అడగండి.

కొలతల ఊసే వ్యాసంలో లేదు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గదికి నేల లెక్క 120 చదరపు అడుగులు. వెడల్పు వైపు అడుగు లోతు దూలం ఒకటి దిగితే దాని రెండు పక్కలూ కలిపి మరో 20 చేరతాయి. ఇది దొంగలెక్క కాదు. పాత స్లాబులో కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బాయంటే అసలది ప్లాస్టరింగే కాదు, మరమ్మతు. దాని రేటు వేరు.

మేస్త్రీలంతా ధర్మరాజులని నేననను. కూలి మాత్రమేనా, మాలుతో కలిపా, పరంజా, గాట్లు, చెత్త ఎత్తడం ఎవరి వంతు అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే ఇద్దరి రేట్లు పోల్చండి.

— ఒక పాఠకుడు, తెనాలి