భయానకం: మూడు భయాలు, ఒక వెండితెర

కళాశాల సంచికలో సినిమాలను గురించి వ్రాయడం తగునా అని కొందరు పెద్దలు శంకించవచ్చు. అందులోనూ దయ్యాల సినిమాలను గురించి! కాని భయానకానికి రసాలలో స్థానమిచ్చినవారు మన లాక్షణికులే. కావ్యంలోను, నాటకంలోను ఆదరింపదగిన రసం వెండితెర మీదికి రాగానే అంటరానిది కానేరదు. మేము చిత్ర విమర్శకులము కాము. తీరిక దొరికినప్పుడు ఒక పాత చిత్రం, వీలైతే ఒక కొత్త చిత్రం చూచే సామాన్య ప్రేక్షకులము. ఆ హోదాలోనే ఈ నాలుగు మాటలు విన్నవిస్తున్నాము.

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భయానకం మూడు విధాలన్నాడు. కపటం వలన కలిగేది ఒకటి, అపరాధం వలన కలిగేది రెండవది, బెదురు వలన కలిగేది మూడవది. అనగా ఒకరు పని గట్టుకొని కల్పించిన భయం, చేసిన పాపం వెంటాడగా పుట్టిన భయం, ఉన్నట్టుండి గుండె జల్లుమనే భయం. సినిమా అనే ఊహ కూడ లేని కాలంలో చేసిన ఈ విభాగం సినిమాకు ఇంత చక్కగా అతకడం ఆశ్చర్యకరం. మా అభిప్రాయం ఒక్కటే. పాత చిత్రాలు ఈ మూడు భయాలను వాడుకున్నవి. నేటి చిత్రాలలో అధిక భాగం మూడవదానితోనే సరిపెట్టుకొంటున్నవి. దీనివలన కలిగే నష్టం కళకు మాత్రమే పరిమితం కాదు.

మొదటిది కపటం. మన దేశపు భయానక చిత్రాలకు దారి చూపినదిగా 1949 నాటి 'మహల్'ను పేర్కొంటారు. బాంబే టాకీస్ వారు నిర్మించిన ఈ చిత్రం ఉర్దూ రచయిత కమాల్ అమ్రోహీకి దర్శకుడుగా తొలి ప్రయత్నం. పాడుపడిన భవనానికి కొత్తగా వచ్చిన యజమాని గోడమీది పటంలో తన ముఖాన్నే చూచుకొంటాడు. రాత్రివేళ ఎక్కడినుండో పాట వినవస్తుంది. వెదకి వెళ్లితే ఉయ్యాల మీద ఒక స్త్రీ, మరుక్షణంలో ఎవరూ లేరు. ఛాయాగ్రాహకుడు జర్మనీ దేశస్థుడైన జోసెఫ్ విర్షింగ్. వెలుగుకంటె నీడకే ఆయన ఎక్కువ పని కల్పించాడు. పాట పాడినది అప్పటికింకా పేరు పొందని లతా మంగేష్కర్. మొదట వచ్చిన గ్రామఫోను రికార్డుపై గాయని పేరుకు బదులు కథలోని పాత్ర పేరు 'కామిని' అని వేశారట! స్వరపరచిన ఖేమ్‌చంద్ ప్రకాష్ ఆ పాటకు దక్కిన కీర్తిని పూర్తిగా చూడకుండానే 1950లో మరణించాడు.

ఇంతకూ ఆ దయ్యం ఎవరు? తోటమాలి కూతురు. కథ చివరకు తేలేది ఆత్మ కాదు, ఒక ఆడపిల్ల ఆశ. ఈ మాయ వెంటబడిన భర్త నిర్లక్ష్యానికి గురియై, అతడు కట్టుకొన్న భార్య విషం త్రాగుతుంది. లేని దయ్యం కోసం ఉన్న మనిషిని చంపుకొనడమే ఈ కథలోని అసలు భయం. కెమెరా భవనమంతా తిరిగి తిరిగి మనకు చూపించినది ఆ ఇల్లాలి కన్నీటిని.

1964లో రాజ్ ఖోస్లా తీసిన 'వో కౌన్ థీ' కూడ ఈ కోవకు చెందినదే. తెల్లచీర, వాన, శ్మశానం, మదన్ మోహన్ సంగీతం అన్నీ కలసి ప్రేక్షకుణ్ణి వణికిస్తవి. తీరా చూస్తే ఆస్తి కోసం ఒక వైద్యుణ్ణి పిచ్చివాణ్ణి చేయడానికి దగ్గరివారే పన్నిన పన్నాగమది. ఈ కథనే 1966లో 'ఆమె ఎవరు?' అనే పేరుతో తెలుగులో తీశారు. జయలలిత అందులో కథానాయిక. ఇటువంటి చిత్రం చూచిన విద్యార్థి ఒక ప్రశ్న వేయడం నేర్చుకొంటాడు: ఈ దయ్యం వలన లాభపడేది ఎవరు? తర్కశాస్త్రం పాఠ్యగ్రంథం ఇంతకంటె మంచి ప్రశ్న నేర్పగలదా?

రెండవది అపరాధం. 'మహల్'కు కూర్పరిగా పనిచేసిన బిమల్ రాయ్ 1958లో 'మధుమతి' తీశాడు. కథ ఋత్విక్ ఘటక్‌ది, సంభాషణలు ఉర్దూ కథకుడు రాజేందర్ సింగ్ బేదీవి. జమీందారు బలాత్కారానికి లొంగక ఒక కొండపిల్ల ప్రాణం విడుస్తుంది. ఆమెను పోలిన మరొక యువతిని వేషం కట్టించి ఆ జమీందారు ఎదుట నిలబెడతాడు ప్రియుడు. న్యాయస్థానం రాబట్టలేని నేరాంగీకారాన్ని భయం రాబడుతుంది. ఆ తరువాత అసలు ఆత్మే వచ్చిందని కథ మలుపు తిరుగుతుంది గనుక ఈ చిత్రం దయ్యాలను పూర్తిగా త్రోసిపుచ్చిందని మేము అనము. కాని అక్కడ వణికినవాడు ఎవరు? పాపం చేసినవాడు. నిరపరాధి వణకలేదు. 1962లో వచ్చిన 'బీస్ సాల్ బాద్' కూడ ఇదే సూత్రం మీద నడిచినది. తాతలు చేసిన దురాగతం ఇరవై ఏళ్లకు గుమ్మం తట్టుతుంది, తట్టిన చేయి మాత్రం మనిషిదే.

పాశ్చాత్య చిత్రాలలోను ఈ అపరాధ భయమే గొప్ప కథలకు పునాది. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన నవల ఆధారంగా 1931లో జేమ్స్ వేల్ 'ఫ్రాంకెన్‌స్టైన్' తీశాడు. ఆ పేరు రాక్షసునిది అనుకొనేవారు నేటికీ కలరు. అది వానిని సృష్టించిన శాస్త్రజ్ఞుని పేరు. బోరిస్ కార్లాఫ్ ధరించిన ఆ పాత్రకు మాటలు రావు, కాని వెలుతురు వైపు చేతులు చాచినప్పుడు మనకు కలిగేది జాలి. ప్రాణం పోసి ప్రేమ నివ్వని తండ్రి దోషి కాడా అనే ప్రశ్న మిగులుతుంది.

ఈ జాలికి పరాకాష్ఠ మా దృష్టిలో మలయాళ చిత్రం 'భార్గవీ నిలయం'. వైకోం ముహమ్మద్ బషీర్ తన కథను తానే చిత్రానువాదం చేయగా, మన తెలుగు చిత్రాలకు కూడ ఛాయాగ్రహణం చేసిన ఎ. విన్సెంట్ 1964లో తొలిసారి దర్శకత్వం వహించాడు. దయ్యాల కొంపగా పేరుపడిన ఇంటిలో ఒక రచయిత అద్దెకు దిగుతాడు. ఊరంతా భయపడే ఆ ఆత్మతో అతడు చెల్లెలితో మాటలాడినట్లు మాటలాడుతాడు. ఆమె ఆత్మహత్య చేసుకొన్నదని లోకం నమ్మినది, ఆమెను చంపారని అతడు కనుగొంటాడు. దయ్యమని పేరు పెట్టి మనం వినకుండా వదలివేసిన స్త్రీ మొర ఎంత ఉన్నదో కదా!

మూడవదైన బెదురును పాత చిత్రాలు వాడలేదని కాదు, పొదుపుగా వాడినవి. 1942 నాటి 'క్యాట్ పీపుల్'లో ఒక యువతి చీకటి వీధిలో నడుస్తూ ఉంటుంది. వెనుక ఎవరివో అడుగుల చప్పుడు, పిమ్మట నిశ్శబ్దం. చివరకు పెద్ద శబ్దంతో ఎదుటికి దూసుకువచ్చినది ఒక బస్సు! చేతిలో డబ్బు తక్కువైనందువలన మృగాన్ని చూపలేక నీడను చూపారు. ఆ లోటే వారి కళకు సొగసైనది. 1960లో హిచ్‌కాక్ తీసిన 'సైకో'లోని స్నానాల గది హత్యను వారం రోజులు చిత్రీకరించారు. నలుపు తెలుపు చిత్రంలో రక్తంగా కనబడినది చాకొలెట్ పాకం. కత్తి దిగినట్లు మనం అనుకొంటాము, అధిక భాగం మన ఊహే పూరిస్తుంది. చూపినదానికంటె దాచినది ఎక్కువ భయపెట్టుతుందనడానికి ఇంతకంటె సాక్ష్యం వలదు.

తరువాత తరువాత ఈ పొదుపు పోయినది. రామ్‌సే సోదరులు 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే', 1984లో 'పురానా మందిర్' వంటి చిత్రాలతో చిన్న పట్టణాల హాళ్లను నింపారు. తక్కువ ఖర్చుతో అంత జనాన్ని రప్పించిన వారి సాహసాన్ని మేము చులకన చేయము. కాని వాటిలో ముఖానికి పూసిన రంగులు, పెడబొబ్బలు ప్రధానమైనవి. నేడు సెల్‌ఫోనులో, చెవులకు యంత్రాలు తగిలించుకొని, ఒంటరిగా చూచే చిత్రాలలో శబ్దమే దయ్యం. శబ్దం ఆగిపోతే భయం కూడ ఆగిపోతుంది. మరునాడు ఆలోచించుకొనడానికి ఏమీ మిగలదు.

పాతవన్నీ బంగారమని, కొత్తవన్నీ ఇత్తడి అని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. పాత చిత్రాల నడక మందం, పాటలు కథకు అడ్డుపడిన సందర్భాలు అనేకం. కొత్తవారిలో ఫాజిల్ 1993లో తీసిన 'మణిచిత్రతాళు' దయ్యం పట్టినదనుకొన్న స్త్రీని మానసిక వైద్యునికి అప్పగించి పాత సంప్రదాయాన్ని నిలబెట్టినది. 2022లో వచ్చిన తెలుగు చిత్రం 'మసూద'లో ఆపదలో ఉన్న ముస్లిం తల్లీకూతుళ్లకు పొరుగింటి హిందూ యువకుడు తోడుగా నిలుస్తాడు. ఆ భాగం మా మనస్సుకు హత్తుకొన్నది. అందులోనే నల్లని బురఖాను భయచిహ్నంగా చూపడం మాత్రం నచ్చలేదు. మన కళాశాల తరగతులలో ఆ వస్త్రం ధరించి మొదటి వరుసలో కూర్చొనే విద్యార్థినులు ఉన్నారు. వారిని ఎరిగినవారెవరూ ఆ గుర్తును తేలికగా అంగీకరింపలేరు. ఒకనాడు తెల్లచీరకు పట్టిన గతి నేడు బురఖాకు పట్టరాదు.

ఇక అసలు సంగతి. తెలంగాణా పల్లెలలో బాణామతి, చేతబడి అనే నెపంతో మనుషులను కొట్టి, హింసించి, చంపిన వార్తలు పత్రికలలో ఇప్పటికీ వస్తూనే ఉన్నవి. బలియైనవారిలో ఎక్కువమంది పేదలు, వృద్ధులు, దిక్కులేని స్త్రీలు. ఒకరికి జ్వరం వస్తే మరొకరు మంత్రగత్తె అవుతారు. పొరుగున ఉన్న మహారాష్ట్ర 2013లో ఇటువంటి దురాచారాలపై ప్రత్యేక చట్టం చేసినది. అందుకోసం జీవితకాలం పోరాడిన నరేంద్ర దాభోల్కర్ అదే సంవత్సరం ఆగస్టులో హత్యకు గురియైన పిమ్మట గాని అది సాధ్యపడలేదు. ఈ హింసకు సినిమాయే కారణమని మేము అనము. కాని కారణం వెదకని భయానికి అలవాటుపడిన మనస్సు ఎవరో ఒకరి వైపు వేలు చూపినప్పుడు సులభంగా నమ్ముతుంది. లాభపడేది ఎవరని, అపరాధి ఎవరని అడగడం నేర్చిన మనస్సు అంత సులభంగా నమ్మదు.

కావున పాలకవర్గానికి మా మనవి ఇది. నెలకొకసారి, శనివారం మధ్యాహ్నం, కళాశాల సభాభవనంలో ఒక పాత చిత్రాన్ని ప్రదర్శించి, పిమ్మట అరగంట చర్చకు అవకాశం కల్పించవలెను. 'మహల్'తో ఆరంభింపవచ్చు. దాని సంభాషణలు ఉర్దూ విభాగానికి, రసచర్చ తెలుగు విభాగానికి, నీడల రహస్యం భౌతికశాస్త్ర విభాగానికి పని కల్పిస్తవి. వ్యయం స్వల్పం. సినిమా విద్యార్థులను చెడగొట్టునని భయపడే పెద్దలకు మా సమాధానం ఒకటే. విద్యార్థులు సినిమాలు ఎలాగూ చూస్తూనే ఉన్నారు. గురువుల సమక్షంలో చూడడం లేదు, అంతే.

విద్యార్థి మిత్రులారా! మీరు భయపడండి, తప్పు లేదు, అదీ ఒక రసమే. కాని తెర మీద దీపం ఆరినప్పుడు కళ్లు మూసుకొనకండి. దీపం ఆర్పిన చేయి ఎవరిదో చూడండి.