సైనికుని చితికి అప్పు చేయవలెనా?

యుద్ధభూమిని నేలకొరిగిన వీరునకు దేశమంతయు తలవంచును. ఉచితమే. కాని కొలువు ముగించి యిల్లు చేరి, ముదిమిచేతనో రోగముచేతనో కన్నుమూసిన సైనికుని శవము ముంగిట నున్నప్పుడు ఆ దేశమెక్కడ నున్నది? ఈ ప్రశ్న విజయవాడ ఆటోనగరు వంటి శ్రామికుల పేటలో అడుగదగినది. సైన్యమున బండ్లు నడపినవారికిని, మరమ్మతు నేర్చినవారికిని పిదప బ్రతుకుతెరువు చూపునవి లారీ షెడ్లును కావలి కొలువులునే గదా!

మొదటి మహాయుద్ధమున పరాయి ప్రభుత్వము మన యువకులను లక్షలకొలది సముద్రముల కావలకు పంపెను. సమాధుల సంరక్షణకై 1917లో సంఘమును స్థాపించెను. 1931లో ప్రారంభమైన ఢిల్లీ తోరణముపై 13,000కు మించిన పేర్లు చెక్కించెను. రాతిపై పేరు చెక్కుట సులభము. బ్రతికి వచ్చినవాని యింట దీపమారకుండ కాచుట కష్టము. ఆ కష్టమును స్వరాజ్యమే తలకెత్తుకొనవలెను. 1949 నుండి ఏటేట డిసెంబరు 7వ తేదీని జరుగు పతాకదినమున కర్థమిదియే.

ఇక లెక్క చూతము. సాధారణముగా సిపాయికి పింఛను రావలెనన్న 15 ఏండ్ల కొలువుండవలెను. అది లేనివారిలో హవల్దారు హోదావరకు గల నిరుపేద వృద్ధులకు పతాకదిన నిధినుండి నెలనెల సాయము కలదు. 2025లో దానిని 4,000 నుండి 8,000 రూపాయలకు పెంచిరి. సంతోషము. అంత్యక్రియల సాయమో, కేంద్రీయ సైనిక బోర్డు పట్టికలలో 5,000 రూపాయలుగా కనబడుచు వచ్చినది.

ఇదే ఆటోనగరులో ఈ.ఎస్.ఐ. క్రింద నున్న కార్మికుడు మరణించినచో 2019 నుండి 15,000 రూపాయలవరకు అంత్యక్రియల ఖర్చు లభించుచున్నది. కుటుంబములోని పెద్దకు గాని, కుటుంబము లేనిచో ఖర్చు భరించినవానికి గాని అది చెల్లును. కార్మికునకు హెచ్చు దొరకెనని మా కీర్ష్య లేదు. అది యతడు కూలినుండి చందా కట్టి సంపాదించుకొన్న హక్కు. సైనికుడు కట్టిన చందా తన యౌవనము. దాని వెల తక్కువయా?

మొత్తముకంటె వేళ ముఖ్యము. పాడెకు, కట్టెలకు, బండికి, పురోహితునకు సొమ్ము ఆ పూటనే కావలెను. మహమ్మదీయునకు గోరీ త్రవ్వించుటయు, క్రైస్తవునకు పెట్టె చేయించుటయు అట్టివే. సర్కారు సాయము మరణ ధ్రువపత్రము, విడుదల పుస్తకము, గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకము దాఖలైన పిదపగాని కదలదు. ఈలోపల గుమ్మమెక్కువాడు వడ్డీవ్యాపారి. తుదకు సాయము చేరినను, అది చితికి గాక వడ్డీకి జమయగును.

పింఛనుగల కుటుంబమునకు వేరు సాయమేల యని కొందరందురు. భర్త పింఛను నిలిచిన దినమునకును, భార్య పింఛను మొదలగు దినమునకును నడుమ ఎడమున్నది. ఆ యెడములోనే శవము లేవవలెను. ముందిచ్చినచో మోసములు జరుగునని మరికొందరందురు. సైనికుని పేరు, ఊరు, భార్య పేరు సర్కారు దస్తరములో నుండనే యున్నవి. ఒక్క దొంగకు వెరచి నూరుగురు వితంతువులను వేచియుండుడనుట న్యాయము గాదు.

కావున మేము కోరునది యిది: మరణవార్త చేరిన దినముననే, వార్డు కచేరీ ద్వారా, విడుదల పుస్తకము చూచినంతనే, 15,000 రూపాయలకు తగ్గకుండ ఆ యింటికి చేరవలెను. కాగితముల విచారణ పిదప జరుగవచ్చును. పింఛనున్నవాడు, లేనివాడు అను భేదము చితిముందు చూపరాదు. మాజీ సైనికులును తమ పుస్తకమును, కార్డును భార్యాబిడ్డలకు చూపి, దాచిన చోటు తెలుపవలెను. పఠనమందిరములలో ఈ పత్రిక చదువు విద్యావంతులు తమ వీధిలోని వితంతువునకు దరఖాస్తు వ్రాసిపెట్టుట దేశసేవయే.

ఇది భిక్ష గాదు, బాకీ. బాకీదారు ఋణదాత శవము లేచువరకైనను ఆలస్యము చేయరాదు.