కరెంటు, బొగ్గు పొదుపు: రామగుండంలో ఒక లెక్క.. ఆదిలాబాద్‌లో మరో లెక్క

పర్యావరణం మాట ఎలా ఉన్నా, ఫ్యాక్టరీలు కరెంటు, బొగ్గు పొదుపు చేసేది డబ్బు మిగిలితేనే. 2012లో కేంద్రం తెచ్చిన ‘పాట్’ స్కీమ్‌కు మూలం ఇదే. థర్మల్, సిమెంట్, పేపర్ వంటి రంగాల్లో పెద్ద ప్లాంట్లకు టార్గెట్లు పెట్టారు. రామగుండం ఎన్టీపీసీ కూడా ఆ లిస్టులోదే. టార్గెట్‌ మించి ఆదా చేస్తే సర్టిఫికెట్లు వస్తాయి, అమ్ముకోవచ్చు. వెనకబడితే కొనుక్కోవాలి.

మరి ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల సంగతేంటి? అంత చిన్న యూనిట్లకు ఈ స్కీమ్ లేదు. బిల్లు తగ్గడమే వాటికి లాభం. కానీ పత్తి సీజన్ కొన్ని నెలలే. కొత్త మోటార్‌కు పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే చాలా టైం పడుతుంది. అందుకే అవగాహన సదస్సులు చాలవు. సీజన్‌లో బిల్లు మీద మిగిలిన డబ్బుతోనే వాయిదా కట్టుకునేలా లోన్ దొరకాలి. అప్పుడే పాత మోటార్లు మారతాయి.