మోటారు ఎందుకు కాలుతుంది?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మెట్ట రైతుకు బోరే ఆధారం. వోల్టేజి పడిపోయిందంటే గుండె దడ... మోటారు కాలిపోతుందని! కరెంటు తక్కువొస్తే వేడీ తగ్గాలిగా? అక్కడే ఉంది తిరకాసు. నీళ్లు తోడే బరువు తగ్గదు కాబట్టి మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఆంపియర్లు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుందని జేమ్స్ జౌల్ 1840లోనే గుర్తించాడు. ఆ వేడికే వైండింగ్ మాడిపోతుంది.

సరఫరా తీగల్లోనూ ఇదే తంతు. అందుకే తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ 11 వేల వోల్టుల లైన్లను పొలాల దాకా తెచ్చి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పద్ధతి చేపట్టింది. 415 వోల్టుల లైనుతో పోలిస్తే అంతే విద్యుత్తుకు ఆంపియర్లు దాదాపు 26వ వంతే. తీగ చల్లగా ఉంటేనే మడి పచ్చగా ఉండేది!