కారుకొక వారంటీ, టైరుకొక వారంటీ, నడుమ మనం

కొత్త కారు ఇంటికి తెచ్చేరోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం మరిచిపోం. వారంటీ పుస్తకం తెరవడం మాత్రం మరిచిపోతాం. ఎందుకంటే షోరూంలో "ఏమొచ్చినా మేం చూసుకుంటాం మేడం" అని చెప్పే ఉంటారు. ఆ "ఏమొచ్చినా"లో టైర్లు లేవు. టైర్ల బాధ్యత టైరు కంపెనీదే అని చాలా కార్ల వారంటీ పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఈ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? మా ఇంట్లో ఏడాది నిండని టైరు పక్కన బుడిపె లేచినప్పుడు తెలిసింది. "ఇది రిపేరు కాదు, మార్చాల్సిందే" అన్నారు సర్వీసు సెంటర్ వాళ్లు. నిజమే. లోపలి దారాలు తెగితేనే పక్కభాగం అట్లా ఉబ్బుతుంది, పిల్లల్ని ఎక్కించుకొని పోతుంటే పగిలిందంటే ప్రాణం మీదికొస్తుంది. మరి ఎవరు మార్చాలి? వాళ్లు టైరు డీలర్ని చూపించారు. ఆయన టైరును ఇటు తిప్పి అటు తిప్పి, "గుంతల పడ్డది, తయారీ లోపం కాదు" అనేశాడు.

గుంత తగలని టైరు మన జిల్లాల్లో ఉంటుందా? గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ రోడ్లు, వానాకాలం వెళ్లిన తర్వాత ఆదిలాబాద్ లోపలి రోడ్లు కంపెనీలకు తెలియనివా?

గుంతలకు కూడా కంపెనీలే బాధ్యత పడాలా అని అడిగేవాళ్లున్నారు. అక్కర్లేదు. కానీ లోపమా, దెబ్బా అని తేల్చేది డబ్బు ఇవ్వాల్సినవాళ్లే అయితే తీర్పు ఎటుంటుందో చెప్పాలా? ఒకవేళ ఒప్పుకున్నా అరిగినంత మేరకు కోత పెట్టి మిగిలిందే ఇస్తారు.

పంచర్ సంగతీ ఇంతే. టైరును రిమ్ము నుంచి తీసి లోపలి నుంచి అతుకు వేయించడమే సరైన పద్ధతి. రోడ్డు పక్కన బయటినుంచి దారం గుచ్చేది ఇల్లు చేరేదాకానే. ఈ ముక్క కారు అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. తర్వాత వారంటీ అడిగితే "రిపేరు సరిగ్గా చేయించలేదు" అని మన మీదికే తోస్తారు.

బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని బెదిరించే అలవాటు కొత్తది కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల జరిమానా వేస్తూ, అట్లా గంపగుత్తగా షరతు పెట్టొద్దని చెప్పింది.

అందుకే అక్కలారా, నోటిమాటలు నమ్మకండి. టైర్ల వారంటీ కాగితం కారు తీసుకునే రోజే అడిగి తీసుకోండి. "కుదరదు" అంటే కారణం రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. బుడిపెను ఫొటో తీసి పెట్టుకోండి. 1915కు ఫోన్ చేయండి. అయినా తేలకపోతే రెండేళ్లలోపు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపైతే రుసుం లేదు, 10 లక్షల లోపైతే 200 రూపాయలు.

"సార్‌ను పంపండి మేడం, ఆయనకు చెప్తాం" అంటారు. పంపకండి. నెలనెలా ఇల్లు గడిపేది మనం, ఆ టైరు డబ్బులు కోత పడేది మన సరుకుల్లోనే. లెక్క అడిగే హక్కు కూడా మనదే.