తడి చెత్త గేటు దాటకూడదు!

హైదరాబాద్ కాలనీ, అపార్ట్‌మెంటు సంఘాలకు విజ్ఞప్తి



పొద్దున్నే చెత్త ఆటో వచ్చి వెళ్ళగానే ఇల్లు శుభ్రమైందని ఊపిరి పీల్చుకుంటాం. ఆటోలో పడ్డదంతా లారీలెక్కి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. నగరం రోజూ పారేసే వేల టన్నుల్లో దాదాపు సగం తడి చెత్తే: కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, దేవుడి పటాల మీద వాడిన పూలు.

మట్టిలో కలిస్తే ఎరువయ్యే వీటిని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, డైపర్లతో, బ్యాటరీలతో కలిపి పంపుతున్నాం. గాలాడని గుట్టలో అవి కుళ్ళి మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. గుట్ట అడుగున ఊరిన నల్లనీరు మల్కారం చెరువును పాడుచేసింది. జవహర్‌నగర్, దమ్మాయిగూడ జనం ఆ కంపుతో ఏళ్ళుగా వేగుతున్నారు. వంట మనది, శిక్ష వాళ్ళదా?

“అక్కడ కరెంటు ప్లాంటు పెట్టారుగా!”
2020లో పెట్టిన మాట నిజమే. కానీ అది చెత్తను మండించి నడిచే ప్లాంటు; తడి చెత్త సరిగా మండదు. అందులోని నీటిని ఆవిరి చేయడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది. తడిని మనమిక్కడే ఆపితే ఆ ప్లాంటుకూ మేలే. తడి తగలని కాగితం, ప్లాస్టిక్, అట్టలకు పాత సామాను కొట్టులోనూ ధర పలుకుతుంది.

“కంపు కొట్టదా?”
తడి ఎక్కువై గాలి తక్కువైతేనే కొడుతుంది. చిల్లులున్న డ్రమ్ములోనో, సందులు వదిలి కట్టిన ఇటుక తొట్టిలోనో ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండుటాకులు వేయండి. పైన కాస్త పుల్లమజ్జిగో, పేడనీళ్ళో చల్లండి. వారానికోసారి తిరగేయండి. వాసన వస్తే ఇంకాసిని ఆకులు కలపండి. ఎముకలు, నూనె కూరలు మొదట్లో వేయకండి. రెండు నెలలు తిరిగేసరికి నల్లటి ఎరువు చేతికొస్తుంది. వీధి మూలల్లో తగలబెడుతున్న ఆకులకూ ఒక దారి దొరుకుతుంది.

“మనవల్ల అయ్యేదేనా?”
బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌ను చూడండి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో అక్కడ రోజుకు 10 టన్నుల దాకా వ్యర్థాలను బయోగ్యాస్‌గా మార్చి, సుమారు 500 యూనిట్ల కరెంటు తీశారు. ఒక మార్కెట్ చేసిన పనిని వంద ఫ్లాట్ల సముదాయం తన స్థాయిలో చేసుకోలేదా? 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు వీలైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగానో, గ్యాస్‌గానో మార్చుకోవాలని కేంద్రం 2016 నియమాల్లోనే చెప్పింది. అంతకు ముందే, 2015లో, చెత్తను వేరుచేయడానికి ఇంటింటికీ ఆకుపచ్చది ఒకటి, నీలిది ఒకటి చొప్పున డబ్బాలు పంచారు. చాలా ఇళ్ళల్లో అవిప్పుడు నీళ్ళకో, బియ్యానికో వాడుతున్నారు. వాటిని మళ్ళీ అసలు పనిలో పెడదాం.

సంఘాలు చేయాల్సినవి
1. వచ్చే సర్వసభ్య సమావేశంలో “తడి చెత్త గేటు దాటదు” అని తీర్మానం చేయాలి.
2. తొట్ల ఖర్చును మెయింటెనెన్స్ నిధి నుంచి పెట్టాలి. ఎరువు పని చూసే మనిషికి వేరుగా జీతమివ్వాలి. చేతి తొడుగులు, బూట్లు ఇవ్వాలి. పాచిపని వాళ్ళ నెత్తిన ఊరికే రుద్దకూడదు.

నగరపాలక సంస్థను అడగాల్సినవి
1. వేరుచేసి ఇచ్చిన చెత్తను ఆటోలో మళ్ళీ కలపకూడదు. రెండు అరలు లేని బండిని వీధిలోకి పంపకూడదు.
2. చోటులేని చిన్న ఇళ్ళ కోసం ప్రతి కాలనీ పార్కులో ఒక మూల ఎరువు తొట్లు కట్టాలి.
3. ఎరువు చేసే సముదాయాలకు ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి.
4. హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు తడి చెత్త లెక్క చూపితేనే లైసెన్సు పొడిగించాలి.

ప్రభుత్వం కదిలాక మనం కదులుదామంటే జవహర్‌నగర్ గుట్ట ఆగదు. డ్రమ్ము కొనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ ఆదివారమే మీ బ్లాకులో నలుగురిని కూడగట్టండి. ఒక తొట్టి మొదలుపెట్టండి. ఈ కరపత్రాన్ని పక్క అపార్ట్‌మెంటు వాళ్ళకు అందించండి.

మన చెత్త – మన బాధ్యత!