తమ పాటకు సిగ్గేల?

వీధిపాట నడక కవిత్వమునకుఁ దగదని పెద్దలు కొందఱందురు. అమెరికాదేశపు నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1926లో ప్రకటించిన ‘ది వియరీ బ్లూస్’ అను సంపుటము దీనికిఁ జాలిన ప్రత్యుత్తరమని నా యభిప్రాయము.

బ్లూస్ పాటలో గాయకుఁడు తన గోడు నొక చరణమునఁ జెప్పి, దానినే మరలఁ బాడును. మూఁడవ చరణమున జవాబు వచ్చును. ఒక్కొక్కప్పుడు నవ్వుతో వచ్చును. పునరుక్తి దోషమని లాక్షణికు లనవచ్చును గాని, రెండవమాఱు విన్నప్పుడే యా గోడు మనసున నాటును. హ్యూస్ ఈ కట్టునే తన గీతములు కొన్నింటఁ గైకొనెను.

ఆయన జాతివారిలోనే విద్యావంతులు కొందఱు దీనికి సిగ్గుపడిరి. వారిని నిందింపఁజాలను. శ్వేతజాతి నటులు మొగమునకు మసి పూసికొని యా జనుల పాటను, పలుకును రంగస్థలమున వెక్కిరించిన కాలము వారికి జ్ఞప్తి యుండెను. అయినను, వెక్కిరించువానికి వెఱచి తల్లి పాటను విడుచుట న్యాయమా?

ఈ సంకోచము హ్యూస్ కాలమునఁ బుట్టినది కాదు. 1871లో నాష్‌విల్ నగరమందలి ఫిస్కు మిషను విద్యాలయము అప్పులలో మునిఁగియుండఁగా, విద్యార్థులు తొమ్మండుగురు ధనార్జనకై పాడుచు దేశాటనము చేసిరి. వారిలోఁ బెక్కురు బానిసలుగాఁ బుట్టినవారు. తలిదండ్రుల దాస్యకాలపు భక్తిగీతములను పరుల యెదుటఁ బాడుటకు మొదట వారును వెనుదీసిరి. తుదకు వానినే పాడిరి. ఆ ధనముతోఁ గట్టిన జూబిలీ హాలు నేఁటికిని నిలిచియున్నది.